గల్లా పెట్టె లేని ఇండ్ల నుంచి

(ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో, కొత్తగా దుకాణాలు, చిన్న యూనిట్లు పెట్టుకుంటున్న దళిత యువతీ యువకుల కోసం జరిగిన సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టుగానే, కొద్ది సవరణలతో ఇస్తున్నాం.)



ఈ సభ పెట్టిన తమ్ముళ్లు కరపత్రంల నా పేరు పక్కన 'మెంటార్' అని అచ్చేసిన్రు. చూసి నవ్వొచ్చింది, భయం కూడా అయింది. నేను సర్కారు బడిల లెక్కల టీచర్‌ను. సర్వీసు రూల్సు ప్రకారం నా పేరు మీద చిన్న కిరాణా కొట్టు కూడా పెట్టరాదు. జీవితంల ఒక్క రూపాయి సరుకు అమ్మి లాభం తీసింది లేదు. అసొంటి నేను ఆరేడేండ్ల నుంచి ఇక్కడికి దగ్గర్లనే, తార్నాకల ఒక మిత్రుని ఇంటి మీది గదిల ఆదివారం ఆదివారం కూర్చొని, కొత్తగా వ్యాపారం పెట్టెటోళ్లకు కాగితాలు, లెక్కలు చూసి పెడుతున్న. ఈత రానిది ఈత నేర్పినట్టే. కాకపోతే నేను ఒడ్డున నిలబడి చెప్తలేను, నేను కూడా నీళ్లల్లనే ఉన్న.

మెంటార్ అంటే గురువు అని ఒక తమ్ముడు అర్థం చెప్పిండు. గురువు అన్న మాట వింటే మనకు ముందుగా బొటనవేలు యాదికొస్తది. అందుకని ఆ మాట నాకు వద్దు. అక్క అనండి, సాలు.

మీలో చాలామంది తార్నాక స్టేషన్‌ల మెట్రో దిగి వచ్చిన్రు. అదే రైలు, అదే నీలం లైను, బండి మారకుండా ఆఖరి స్టేషన్ దాకా పోతే రాయదుర్గం వస్తది. అక్కడ టీ-హబ్ ఉన్నది. 2015లో గచ్చిబౌలి దిక్కు మొదలుపెట్టి, 2022 జూన్‌ల ఇప్పుడున్న పెద్ద అద్దాల బిల్డింగులకు మార్చిన్రు. అక్కడ కొత్తగా కంపెనీ పెట్టిన పిల్లవానికి మెంటార్లు, వకీళ్లు, పెట్టుబడి పెట్టే షావుకార్లు ఒక్క కప్పు కిందనే దొరుకుతరు. మంచిదే. నేను దాన్ని తప్పు పట్టను. కానీ తార్నాక నుంచి రాయదుర్గం పోవడానికి మనకు మెట్రో టికెట్ ఒక్కటే సరిపోతలేదు. మధ్యల ఏం అడ్డం వస్తున్నది? ఇయ్యాల దాని గురించే మాట్లాడుకుందాం.

వ్యాపార కులంల పుట్టిన పిల్లవాడు నడక రాకముందే గల్లా పెట్టె పక్కన కూర్చుంటడు. ఏ గిరాకికి ఉద్దెర ఇయ్యాలె, ఎవనికి ఇయ్యొద్దు, సరుకు ఎప్పుడు దింపాలె, ఎప్పుడు ఆపాలె, ఇవన్నీ అన్నం తినుకుంటనే వింటడు. వాళ్లింట్ల దానికి పేరు లేదు. గాలి పీల్చినట్టు. మరి మన ఇండ్లల్ల? మా నాయన దొర దగ్గర జీతం ఉన్నడు. మా ఇంట్ల గల్లా పెట్టె లేదు. లెక్క అంటే అప్పు లెక్క, అదీ దొర పుస్తకంల ఉండేది, మా చేతుల ఉండేది కాదు. మొదటి తరం డిగ్రీ అంటే అందరికీ తెలుసు, చప్పట్లు కొడతరు. మొదటి తరం గల్లా పెట్టె అంటే ఎవ్వరికీ తెల్వదు. దానికి రిజర్వేషన్ లేదు, హాస్టల్ లేదు, సీనియర్ అన్న లేడు.

ఇది ఒక్క మా ఊరి ముచ్చట కాదు. 2005 ఆర్థిక గణన చూడండి. దేశ జనాభాలో 16 శాతం దాటిన షెడ్యూల్డు కులాల చేతుల ఉన్న సంస్థలు 10 శాతం లోపే. అందులో ఎక్కువ భాగం ఒక్క మనిషి నడుపుకునే చిన్న చిన్న బతుకుదెరువులు. ఇంక పైకి పోతే? దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్లు ఏ కులాలోళ్లో కొందరు పరిశోధకులు లెక్క తీసి 2012లో ప్రచురించిన్రు. నూటికి 93 మంది అగ్రవర్ణాలు. ఎస్సీ, ఎస్టీలు ఇద్దరూ కలిపి మూడున్నర. మెరిట్ గురించి మనకు పాఠాలు చెప్పేటోళ్లు ఈ లెక్క ఎన్నడన్న చదివిన్రా?

బాబాసాహెబ్‌కు ఇదే ఉస్మానియా యూనివర్సిటీ 1953 జనవరి 12న గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ సంగతి ఈ క్యాంపస్‌ల అందరికీ ఎరుకే. ఎరుక లేనిది ఇంకొకటున్నది. ఆయన ఒకప్పుడు వ్యాపారం కూడా పెట్టిండు. కొలంబియాల, లండన్‌ల చదువుకొని వచ్చి, బరోడా కొలువుల అవమానాలు పడి బొంబాయికి చేరినంక, బతుకుదెరువు కోసం పెట్టుబడుల మీద, షేర్ల మీద సలహాలు ఇచ్చే చిన్న సంస్థ పెట్టుకున్నడు. ఆర్థికశాస్త్రంల ఆయనంత చదివినోడు ఆనాడు దేశంల ఎంతమంది? గిరాకీలు వచ్చిన్రు. సలహాదారు అంటరానివాడని తెలిసినంక రావుడు బందు పెట్టిన్రు. దుకాణం మూతపడ్డది. 1918లో సిడెన్‌హాం కాలేజీల ప్రొఫెసర్ అయితే అక్కడ కూడా సాటి ప్రొఫెసర్లు నీళ్ల కుండ దగ్గర పేచీ పెట్టిన్రు. వ్యాపారం నడవకపోతే 'వానికి తెలివి లేదు, కష్టపడడు' అనేటోళ్లకు ఈ సంగతి చెప్పండి. తెలివి ఎక్కువైనా దుకాణం మూతపడతది, గిరాకి కులం చూస్తే.

మా ఆదివారం గదికి ఒక చెల్లె వచ్చేది. తార్నాక చౌరస్తా నుంచి కొంచెం లోపలికి కర్రీ పాయింట్ పెట్టుకున్నది. షట్టర్ కిరాయికి అడిగినప్పుడే ఓనరు 'మీరు ఏమిటోళ్లు?' అని అడిగిండట. ఈ పిల్ల ఒక్క క్షణం ఆగి, 'తెలంగాణోళ్లం' అన్నదట. ఆయన నవ్వి తాళం చెవి ఇచ్చిండు. సభల చెప్తే మీరు నవ్వుతున్నరు. ఆ ఒక్క క్షణం ఆ పిల్ల గుండె ఎట్ల కొట్టుకున్నదో నాకు తెలుసు, మీకూ తెలుసు.

దుకాణం తెరిచినంక నన్ను అడిగింది: 'అక్కా, బాబాసాహెబ్ ఫొటో పెట్టనా? గల్లా మీద పెడితే గిరాకి పోతదా?' నేను ఉద్యమంల పెరిగినదాన్ని. సభల్ల నీలం కండువా ఏసుకొని మాట్లాడినదాన్ని. పెట్టు అని ఒక్క మాటల చెప్పొచ్చు. కానీ షట్టర్ కిరాయి కట్టేది నేను కాదు గదా! పిల్ల మెడల పుస్తెలు బ్యాంకుల కుదువ పెట్టి ఉన్నయి. పెట్టొద్దు అని చెప్పడానికి నోరు రాలేదు, పెట్టు అనడానికీ రాలేదు. 'నాకు తెల్వదు చెల్లె' అన్న. ఏడాది తిరిగినంక దుకాణానికి పోయి చూస్తే ఫొటో ఉన్నది. గల్లా మీద కాదు, లోపల పొయ్యికి ఎదురుగా. గిరాకికి కనపడదు, ఆమెకు కనపడతది. నేను ఏం అనలేదు. తప్పా ఒప్పా మీరు చెప్పండి. ఇప్పటికి గూడ నాకు తెల్వదు.

అదే చెల్లె నాకొక పాఠం చెప్పింది. ఏడో తరగతి లెక్కల పుస్తకంల లాభనష్టాలని పాఠం ఉంటది. అమ్మినవెలల నుంచి కొన్నవెల తీసేస్తే లాభం. ఇరవై ఏండ్ల నుంచి బోర్డు మీద అదే రాస్తున్న. ఒకనాడు ఆమె లెక్కల పుస్తకం తీసి చూసిన. రోజు గల్లా 4,200. బియ్యం, కూరగాయలు, నూనె, గ్యాసు, కిరాయి, కరెంటు అన్నీ పోను ఖర్చు 3,500. మిగిలేది 700. 'మంచిగనే ఉన్నది' అని నేను టిక్కు పెట్టిన, బడిల పెట్టినట్టు. మా గదికి వచ్చే రిటైర్డు బ్యాంకు అన్న ఒకాయన పక్కకెల్లి చూసి, 'మరి వీళ్ల కూలి ఏది?' అన్నడు. పొద్దుగాల అయిదింటికి లేచి ఈమె, ఈమె తల్లి ఇద్దరూ చెరి పద్నాలుగు గంటలు పని చేస్తున్నరు. ఇరవై ఎనిమిది గంటలకు 700 అంటే గంటకు 25 రూపాయలు. అడ్డా మీద కూలికి పోతే ఇంతకన్న ఎక్కువ వస్తది. 'నా దుకాణంల నేను చేసుకుంటే నాకు కూలి ఏందక్కా?' అన్నది ఆ పిల్ల. నాకు గుండెల పొడిచినట్టు అయింది. మన తాతలు దొర గడీల వెట్టి చేసిన్రు. కూలి అడుగుడు అనే ఊసే వాళ్లకు లేకుండ చేసిన్రు. ఆ వెట్టిని మనం మన దుకాణంలకు మోసుకొచ్చినం. లెక్కల టీచర్‌ను నాకే అది కనపడలేదు. పాఠం చెప్పేటోళ్లకే పాఠం తెల్వకపోతే ఇట్లుంటది. ఆ రోజు నుంచి మా గదిల ఏ లెక్క రాసినా మొదటి గీత మీద సొంత కూలి రాయిస్తున్నం. ఆమె కూరల ధర కొంచెం పెంచింది, కొన్ని రకాలు తగ్గించింది. ఇప్పుడు తల్లి మధ్యాహ్నం పూట పండుకుంటది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తా. ఇది చెప్పడానికే వచ్చిన.

2022ల ఒక తమ్ముడు వచ్చిండు. వాళ్ల తాత చెప్పులు కుట్టెటోడు. ఈ పిల్లవాడు బ్యాగులు కుట్టుడు నేర్చుకున్నడు. చెయ్యి మంచిది, కుట్టు పడ్డదంటే ఊడదు. ముద్రా కింద మూడు లక్షల లోను కోసం నేను కూర్చొని కాగితాలు రాయించిన. నాలుగు నెలలు తిరిగినం. ఒక బ్యాంకుల మేనేజరు ఫైలు తెరవకముందే 'మీకు కార్పొరేషన్ ఉన్నది గదా, ఇక్కడికెందుకు?' అన్నడు. ఇంకో బ్యాంకుల పనైంది. లోను వచ్చిన రోజు నేను గెలిచిన అనుకున్న. మనకు అలవాటు గదా, అప్లికేషన్ మంజూరు అయితే పండుగ చేసుకునుడు. ఆరు సెకండ్ హాండ్ జూకీ మిషన్లు, కటింగ్ టేబులు కొన్నడు, లక్షా అరవై వేలు. మిగిలినది గుడ్డకు, రెగ్జిన్‌కు, జిప్పులకు.

జూన్‌ల బడులు తెరిచే ముందు ఒక ప్రైవేటు స్కూలు పన్నెండు వందల బ్యాగుల ఆర్డరు ఇచ్చింది. ఒక్కొక్కటి 310 రూపాయలు. మొత్తం 3,72,000. అడ్వాన్సు 90,000. సరుకుకు పైసలు తక్కువ పడ్డయి. బేగంబజారుల వ్యాపార కులపోళ్ల పిల్లలు ఫోను మీద సరుకు తెచ్చుకుంటరు, పైసలు నెలకో రెండు నెలలకో ఇస్తరు. పెద్దలకు పెద్దలు తెలుసు, అదే వాళ్లకు గ్యారంటీ. మన పిల్లవాన్ని ఎవరు ఎరుగుదురు? రొక్కం పెట్టు, సరుకు ఎత్తు అన్నరు. వీడు నాకు చెప్పకుండ గిరిగిరి పైసలు తెచ్చిండు. పేరుకు 80,000. చేతికిచ్చింది 68,000. దినాం 800 చొప్పున వంద రోజులు కట్టాలె. మెల్లెమెల్లెగ అసలు తీరుతుంటది గనక నేను కూర్చొని వడ్డీ కడితే ఏడాదికి నూటికి నూట ఇరవై దాటింది. లోను కాగితాలల్ల సబ్సిడీ గళ్లు నింపుడు నేర్చుకున్న గానీ, సరుకు ఇచ్చిన రోజుకు, పైసలు వచ్చే రోజుకు నడుమ కడుపు ఎట్ల నిండాలె అన్నది నేను అడగలేదు. దాన్ని వర్కింగ్ క్యాపిటల్ అంటరని తెలుసు. తెలుసుడు వేరు, అడుగుడు వేరు.

అంతకన్న పెద్ద తప్పు ఇంకొకటి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చెయ్యమంటవా అక్కా అని వాడు ముందుగానే అడిగిండు. 'ముందు ఆర్డరు అందుకో, కాగితాలు తర్వాత చూద్దాం' అన్నది నేనే. మనం ఉద్యమంల ఉన్నోళ్లం, ఉద్యమ్ లేనోళ్లం! స్కూలు పైసలు ఇయ్యలేదు. ఈ నెల, వచ్చే నెల అన్నది. నవంబరుకల్ల నాలుగు మిషన్లు అమ్మి గిరిగిరోని బాకీ తీర్చిండు.

అప్పుడు చదివిన చట్టం. 2006 ఎంఎస్ఎంఈ చట్టం 15వ సెక్షన్ ప్రకారం చిన్న యూనిట్ దగ్గర సరుకు తీసుకున్నోడు, ఎంత ఒప్పందం రాసుకున్నా సరే, 45 రోజుల్ల పైసలు ఇయ్యాలె. ఇయ్యకపోతే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెల నెలకు చక్రవడ్డీ. దానికి రాష్ట్రంల ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉన్నది, కోర్టు మెట్లెక్కకుండనే అక్కడ కేసు పెట్టొచ్చు. ఇంత పదునైన కత్తి చట్టంల ఉన్నది, మన ఇండ్లల్ల ఎవ్వరికీ తెల్వది. కానీ స్కూలు వకీలు మొదటి మాటే ఏమన్నడంటే, సరుకు ఇచ్చిననాడు మీకు రిజిస్ట్రేషన్ లేదు గదా! 2021ల సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు కూడా ఆ వాదనకే బలం ఇచ్చింది. చివరికి 2,82,000 బాకీల 1,40,000 తీసుకొని రాజీ పడ్డం. ఫీజు లేదు, ఆధార్ పెట్టి ఆన్‌లైన్ల చేసుకునే కాగితం అది. 2020 జులై నుంచి ఉన్నది. నా ఒక్క మాట వాని లక్షా నలభై రెండు వేలు తిన్నది.

వాడు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు.

దీని తర్వాత రెండు నెలలు నేను ఆదివారం పోలేదు. నాకు రాని పని నాకెందుకు, పిల్లలకు లెక్కలు చెప్పుకుంట అనుకున్న. బ్యాంకు అన్న ఇంటికొచ్చి, 'నువ్వు రాకపోతే వాళ్లు ఎవరి దగ్గరికి పోతరు? ఏజెంట్ల దగ్గరికే గదా' అన్నడు. నిజమే. ఫుకట్ల అయ్యే రిజిస్ట్రేషన్‌కు వేలు గుంజే ఏజెంట్లున్నరు. తిరిగి పోయిన. పోయిన రోజు గోడకు ఒక కాగితం అంటించినం: 'తెల్వనిది తెల్వదని చెప్పాలె. తెలుసుకొని వచ్చే ఆదివారం చెప్పాలె.' ఇంకో నియమం కూడా పెట్టుకున్నం. ఎవరికి ఏ సలహా ఇచ్చినమో నోటుబుక్కుల తేదీ ఏసి రాస్తం, కింద సంతకం చేస్తం. తప్పయితే తప్పు ఎవరిదో తెల్వాలె. డాక్టర్లు రాస్తరు గదా చీటీ, అట్ల.

పథకాల సంగతి కొంచెం చెప్పి ముగిస్తా. 2014ల తెలంగాణ వచ్చినంక టీ-ప్రైడ్ అని పెట్టిన్రు, ఎస్సీ ఎస్టీ యూనిట్లకు పెట్టుబడి మీద 35 శాతం సబ్సిడీ. 2016 ఏప్రిల్ 5న స్టాండప్ ఇండియా వచ్చింది. ప్రతి బ్యాంకు బ్రాంచి కనీసం ఒక్క ఎస్సీ లేక ఎస్టీకి, ఒక్క మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా లోను ఇయ్యాలని. ఒక్కరికి! ఆ ఒక్కరి కోసం మనోళ్లు ఎన్ని బ్రాంచులు తిరిగిన్రో నేను చూసిన. కేంద్ర ప్రభుత్వ సంస్థలు కొనే దాంట్ల 4 శాతం ఎస్సీ ఎస్టీల యూనిట్ల దగ్గరే కొనాలని 2012 ఉత్తర్వు. ఆ 4 శాతం దరిదాపుకు రాకుండనే చాలా ఏండ్లు గడిచినయి. 2021ల దళితబంధు, ఇంటికి పది లక్షలు, తిరిగి కట్టే పని లేదు. అది మంచి ఆలోచన కాదని నేను అనను. కానీ మా గదికి వచ్చిన వాళ్లకు పది లక్షలు ఇచ్చిన్రు గానీ పక్కన కూర్చొని ఆరు నెలలు లెక్క చూసే మనిషిని ఇయ్యలేదు. అందరికి అందరు కార్లు, ట్రాక్టర్లు కొన్నరు. ఎందుకంటే బండి అనేది కంటికి కనపడతది, మనకు నడుపుడు వచ్చు. ఒకే ఊర్ల పది బండ్లుంటే పదింటికీ కిరాయి ఎక్కడిది?

ఉద్యమంల తలపండిన ఒక పెద్దాయన, కారంచేడు, చుండూరు నాటి నుంచి తిరిగినాయన, నన్ను నిలదీసిండు. 'బాబాసాహెబ్ 1938ల మన్మాడ్ రైల్వే కార్మికుల సభల ఏం చెప్పిండు? బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం, రెండూ శత్రువులని చెప్పిండు. నువ్వు మన పిల్లల్ని షావుకార్లను చేస్తున్నవు. రేపు వాళ్లు మన పిల్లల్నే జీతానికి పెట్టుకుంటరు.' నేను జవాబు చెప్పిన: కులం ఉన్న సంతల మనం ఎప్పటికీ కొనెటోళ్లమే, అమ్మెటోళ్లం కాకపోతే ఎట్ల అని. జవాబు బాగనే ఉన్నది. కానీ ఆ వారమే మా గదికి వచ్చే ఒకాయన తన దగ్గర పనిచేసే మన బస్తీ పిల్లగానికి మూడు నెలల జీతం ఆపిండని తెలిసింది. పెద్దాయన మాట నిజమైంది. ఆయన్ను గదిల కూర్చోబెట్టి అడిగినం. జీతం ఇచ్చిండు, మళ్లా గదికి రాలేదు.

సంపద వస్తే కులం పోతదని కూడా ఎవ్వరూ అనుకోవద్దు. అమెరికాల టల్సా పట్నంల నల్లజాతి వాళ్లు సొంతంగ బజారే కట్టుకున్నరు. హోటళ్లు, సినిమా హాళ్లు, దవాఖానాలు. 1921ల మే ఆఖరి రోజు మొదలుపెట్టి జూన్ ఒకటి నాటికి తెల్లోళ్లు దాన్ని కాల్చి బూడిద చేసిన్రు. మన దగ్గర 2006ల ఖైర్లాంజీల భోత్మాంగే కుటుంబానికి సొంత భూమి ఉండె, పిల్లలు చదువుకుంటుండ్రి. అదే వాళ్ల నేరం. గల్లా పెట్టె ఉన్నా సంఘం ఉండాల్సిందే. ఉద్యమం బందు పెట్టి దుకాణం పెట్టుమని నేను చెప్తలేను. చెప్పేదాన్ని అయితే ఈ సభకు రాకపోదును.

ఆ బ్యాగుల తమ్ముడు ఇప్పుడు ఒక గార్మెంట్ యూనిట్‌ల జీతానికి కుడుతున్నడు. మిగిలిన రెండు మిషన్లు ఇంట్లనే ఉన్నయి, రాత్రిళ్లు కుడతడు. ఆదివారం మా గదికి వస్తడు. కొత్తోళ్లు ఎవరు వచ్చినా, నేను నోరు తెరవకముందే వాడు అడుగుతడు: 'ఉద్యమ్ అయిందా? ఆర్డరు కాగితం మీద సంతకం ఉన్నదా? పైసలు ఎన్ని రోజులకు ఇస్తరో రాసిన్రా?' వాళ్లు లేదంటే, వాడే ఫోను తీసి అక్కడనే చేసి పెడతడు. మొన్న వాడు ఒక అక్కకు చెప్పే లెక్కల నాకు ఒక తప్పు కనపడ్డది. చెప్దామని నోరు తెరిచి, ఆగి, కాగితం తీసుకొని మళ్లా చేసి చూసిన. తప్పు నాదే, వానిది కాదు.

వచ్చే ఆదివారం పొద్దుగాల పదింటికి. రసీదులు సంచిల అట్లనే కుప్పగ తెచ్చినా పర్వాలేదు, పారేసుకోకుండ తెండి. వకీలు చదువు చదివినోళ్లు, బ్యాంకుల పనిచేసి దిగినోళ్లు, జీఎస్టీ రిటర్నులు ఎయ్యొచ్చే పిల్లలు ఈ క్యాంపస్‌ల ఎవరన్న ఉంటే మీరు కూడా రండి. మాకు జీఎస్టీ ఇప్పటికీ సగమే వచ్చు.

జై భీమ్.